కుడిపక్క సీటు

మా ఆయనకు నేను నాలుగేళ్ళు కుడికన్నుగా ఉన్నాను. ఆయన కళ్ళకేమీ జబ్బు లేదు. అరమైలు దూరంలో తుమ్మచెట్టు కింద పడుకున్న కుక్క ఏ రంగుదో చెప్పగలిగేవాడు. తప్పంతా బండిది.

యుద్ధం అయిపోయాక పట్టాళం వాళ్ళు వేలం వేసిన చిన్న లారీ అది. ముందర ఇద్దరు కూర్చునే చోటు, వెనక సామాను వేసుకునే తొట్టి. పరదేశంలో చేసింది కాబట్టి దాని స్టీరింగు ఎడమపక్క ఉండేది. మన రోడ్ల మీద బండ్లన్నీ ఎడమపక్కనే పోతాయి. ముందర పత్తి బోరాలు వేసుకున్న ఎద్దులబండి పోతూ ఉంటే, దాన్ని దాటడానికి కుడిపక్క నుంచి తొంగి చూడాలి. ఎడమపక్క కూర్చున్న మనిషికి బోరాలు తప్ప ఇంకేమీ కనిపించవు. అందుకని కుడిపక్క సీట్లో ఒక మనిషి ఉండి, ఎదురుగా ఏమన్నా వస్తున్నదో లేదో చూసి చెప్పాలి. ఆ మనిషిని నేను.

మొదట ఒక క్లీనరు ఉండేవాడు. వాడు ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు పనికి కుదిరాడు. మరునాడు ఆదోని స్టేషనులో నూలు మూటలు దిగి ఉన్నాయి. ఎమ్మిగనూరు మగ్గాలు వాటికోసం ఎదురుచూస్తున్నాయి. మా ఆయన వాకిట్లో బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మే, ఈ పొద్దు నువ్వు రా" అన్నాడు.

"యాడికి?"

"ఆదోనికి. కుడిపక్క కూర్చోని దావ సూసి సెప్పు. అంతే."

పెళ్ళయిన రెండేళ్ళలో ఆయన నాతో మాట్లాడిన మాటల్లో అదే పొడుగైనది.

ఆయన పుట్టింది మగ్గం ఇంట్లోనే. నేనూ అంతే. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో మా పుట్టింటికీ వాళ్ళ ఇంటికీ పది గడపల దూరం. పద్దెనిమిదేళ్ళ వయసులో మగ్గం గుంటలోంచి లేచి, పట్టాళంలో డ్రైవరుగా చేరి, యుద్ధం అయిపోయాక తిరిగొచ్చాడు. వచ్చినవాడు మళ్ళీ మగ్గం ముట్టుకోలేదు. చిన్నప్పుడు మాటకారి అని మా అమ్మ చెప్పేది. ఆ మాటలన్నీ పట్టాళం వాళ్ళే ఉంచేసుకుని మనిషిని మాత్రం పంపినట్టుంది. అడిగినదానికి తలూపేవాడు, అడగనిదానికి అదీ లేదు. చెడ్డవాడు కాదు. ఒక్కనాడు కూడా నన్ను చెయ్యెత్తి ఒక దెబ్బ కొట్టలేదు, నోరెత్తి ఒక మాట అనలేదు. ఆ రెండోదే నాకు కష్టంగా ఉండేది.

బండి నిలబెట్టుకోవడానికి చోటు కావాలని ఊరి చివర ఆదోని రోడ్డు పక్కన ఇల్లు తీసుకున్నాం. రెండు గదులు, చుట్టూ రాతి గోడ, బండి తిరిగేంత వాకిలి. గోడ అవతల జొన్నచేలు. పుట్టినప్పటి నుంచీ నేను మగ్గాల చప్పుడులో పెరిగినదాన్ని. నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే మధ్యలో అమ్మ పిలుపు వినాలి, చెల్లెలి ఏడుపు వినాలి, అవతలి వీధిలో ఉల్లిగడ్డలవాడి కేక వినాలి. అలాంటిదాన్ని తెచ్చి గాలి చప్పుడు తప్ప ఏమీ లేని ఇంట్లో పెట్టారు. మాకు పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొన్ని రోజుల్లో పొద్దున లేచింది మొదలు దీపం పెట్టేదాకా నేను పలికినవి కోళ్ళను అదిలించిన మాటలే.

అలాంటి రోజుల్లో "నువ్వు రా" అన్నాడు.

మొదటిరోజు నాకు సీట్లో ఎలా కూర్చోవాలో తెలియలేదు. కాళ్ళు పైకి మడిచి బాసింపట్టు వేసుకున్నాను. ఆయన చూసి, ఏమీ అనకుండా, తన కాళ్ళు కిందికి చాపి చూపించాడు. ఊరు దాటి రెండు మైళ్ళు పోయామో లేదో ముందర బోరాల బండి వచ్చింది. "ఏమన్నా వస్తాందా?" అని అడిగాడు. తొంగి చూస్తే ఎదురుగా జోడెడ్లు పరుగెత్తుకుంటూ వస్తున్నాయి. "ఆగండి" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపు ఎద్దు కొమ్ము నా పక్క అద్దాన్ని పగలగొట్టుకుని పోయింది. గాజుముక్కలు నా ఒళ్ళో పడ్డాయి.

ఆయన బండి ఆపి, నాకేమీ తగల్లేదని చూసుకుని, నిదానంగా అన్నాడు.

"అండి గిండి బండిలో వద్దు. నువ్వు అండీ అనేంతలో ఎద్దు మీదికొస్తాది. ఆగు అంటే ఆగు. పో అంటే పో. సాలు."

కట్టుకున్న మొగుణ్ణి "ఆగు", "పో" అనడం! మా అమ్మ వింటే నా నోట్లో కారం కొట్టేది. ఇంట్లో ఆయన ముందు నేను నేరుగా "మీరు" అని కూడా అనేదాన్ని కాదు. "అన్నం పెట్టినా", "నీళ్ళు కాగినాయి" అని గోడకు చెప్పినట్టు చెప్పేదాన్ని. అలాంటిదాన్ని ఆ రోజు తిరుగుదారిలో పన్నెండుసార్లు "ఆగు" అన్నాను. పన్నెండుసార్లూ ఆగాడు. నా జన్మలో నా మాట అంత వెంటనే విన్న మనిషి లేడు.

అట్లా నాలుగేళ్ళు. అప్పటికి ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చింది. మైలురాళ్ళు మారాయి, బోర్డులు మారాయి, రోడ్డు మాత్రం ఆ గుంతలతోనే ఉంది. ఎమ్మిగనూరు నుంచి దుప్పట్ల మూటలు ఆదోనికి, ఆదోని నుంచి నూలు మూటలు ఎమ్మిగనూరుకు. పత్తి కాలంలో గోనెగండ్ల పక్క పల్లెల నుంచి బోరాలు ఆదోని మార్కెట్టుకు. "ఏమన్నా వస్తాందా?" "ఉండు." "ఇప్పుడు?" "లేదు, పో." దాటిపోయాక బోరాల బండివాడు మమ్మల్ని వింతగా చూసేవాడు. వాడికి స్టీరింగు కనిపించేది కాదు. ఆడమనిషి లారీ తోలుతున్నదనుకుని కొందరు చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు. నేను కూడా గంభీరంగా తలాడించేదాన్ని.

మా ఆయనకు మనిషి ముఖం చూసి మాట్లాడటం రాదు. రోడ్డు చూస్తూ మాట్లాడటం వచ్చు. ఆ సంగతి నాకు బండెక్కిన రెండో నెలలో తెలిసింది. ముందర రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, కళ్ళు దాని మీదే పెట్టి, ఉన్నట్టుండి ఏదో ఒకటి చెప్పేవాడు. పట్టాళంలో వానకు బండి బురదలో దిగబడితే నలుగురూ మూడు రోజులు బిస్కట్లు తిని బతికిన సంగతి. రాత్రి తన పక్కన పడుకున్న స్నేహితుడొకడు పొద్దున లేవకపోయిన సంగతి. "వాడు నూలు వడికేవాళ్ళ పిల్లోడే మే. మన మాదిరే" అన్నాడు.   ముందర బండి అడ్డం వచ్చింది, "ఉండు" అన్నాను. ఆ పద్దెనిమిది మైళ్ళే మా కాపురం. మిగతాది తిండీ నిద్రా.

అమావాస్యకు బండి కదిలేది కాదు. ఎద్దుల బండ్లకు ఆ రోజు సెలవు కదా, ఇనపబండికి మాత్రం ఎందుకు ఉండకూడదని ఆయన లెక్క. ఆ రోజు వాకిలంతా బండి సామాన్లు పరుచుకునేవి. నా పాత చీర ఒకటి కింద పరిచి, విప్పిన వాటిని విప్పిన వరసలో పెట్టేదాన్ని. కిరసనాయిలులో కడిగి ఇచ్చేదాన్ని. ప్లగ్గులకు మసి పడితే నా పొయ్యి నిప్పుల్లో కాల్చి, పాత దువ్వెన పళ్ళతో గీకేదాన్ని. రేడియేటరు కారితే అందులో గుప్పెడు పసుపు, పెట్రోలు టాంకు చెమ్మ పడితే బట్టల సబ్బు. ఆ నెల సాంబారులో పసుపు తగ్గితే అది బండి తాగిందని అర్థం. తొట్టి చుట్టూ చెక్కలు బోరాలకు చాలడం లేదని ఆయన మూడడుగులు ఎత్తు పెంచాడు. రెండు సీట్లకూ కొబ్బరిపీచు దట్టించి, చిరుగు పడిన దుప్పటి గుడ్డతో నేనే గలీబులు కుట్టాను. నా సీటుకు పీచు కొంచెం ఎక్కువ పెట్టుకున్నాను, ముందర బాగా కనిపించాలని.

ఇంతవరకూ చెప్పిందంతా నిజం. ఇక నేను చేసిన తప్పు చెప్పాలి.

మా వైపు ఆడది సుఖంగా ఉన్నట్టు నలుగురిలో చెప్పుకోకూడదు. చెప్పుకుంటే దిష్టి తగులుతుందని ఒక భయం, నవ్వుతారని ఇంకో భయం. అందులోనూ మొగుడి పక్కన లారీలో కూర్చుని ఊరూరూ తిరిగే ఆడది! బావి దగ్గర నేను కనిపిస్తే చాలు, మాటలు ఆగిపోయేవి. నాకు దూరపు వరసలో వదిన అయ్యే ఒకామె ఉండేది, నేను బండెక్కిన ఏడాదికి మా గోడ పక్కనే ఇల్లు వేసుకుని వచ్చింది. ఆమె నాలుక కత్తెర. "ఏం వదినా, ఈ పొద్దు షికారు లేదా?" అనేది. అప్పుడు నేను బిందె దించి నడుం పట్టుకునేదాన్ని. "షికారా! నా కర్మ. దుమ్ము తిని తిని గొంతు మూసుకపోయింది. నడుం యాడ ఉందో తెలీదు. ఏం సేద్దాం, నేను లేకుంటే ఆ బండి కదలదే" అనేదాన్ని. అప్పుడు వాళ్ళ ముఖాలు మెత్తబడేవి. అయ్యో పాపం అనేవాళ్ళు. నేను కష్టపడుతున్నానంటే వాళ్ళకు ఇష్టమే. నాకు ఆ సీటు నిలవాలంటే అది నాకు కష్టంగా ఉన్నట్టే ఉండాలి. అంత తెలివైనదాన్ని.

ఈ మూలుగుడు అలవాటై ఇంటిదాకా వచ్చింది. వదిన తన గడపలో కూర్చుని ఉంటే, బండి దిగుతూనే నడుం పట్టుకునేదాన్ని. కొంగు దులిపి "శివశివా" అనేదాన్ని. ఆయన బానెట్టు తెరిచి లోపల తల పెట్టి ఉండేవాడు. వింటున్నాడని నేనెప్పుడూ అనుకోలేదు.

నాలుగో ఏడు పత్తి పని అయిపోయాక, ఎండలు ముదిరే వేళకు, ఒక అమావాస్యనాడు ఆయన స్టీరింగు దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత జానతో అటూ ఇటూ కొలిచాడు.

"దీన్ని కుడిపక్కకు మారుస్తా" అన్నాడు.

నా చేతిలో ఉన్న నట్టు చీర మీద పెట్టడం మరిచిపోయాను. స్టీరింగు కుడిపక్కకు వస్తే దారి ఆయనకే కనిపిస్తుంది. ఇక నేనెందుకు? పని ఉంటేనే ఆడది బండెక్కుతుంది. పని లేకుండా మొగుడి పక్కన ఊరికే ఎక్కి కూర్చునే ఆడది ఆ కాలంలో లేదు, ఉంటే ఆమెకు వేరే పేరు ఉండేది. ఆ సీటు పోతే నాకు మళ్ళీ గోడ, గాలి, కోళ్ళు. "ఎందుకు మార్చడం?" అని అడగాలని నోటిదాకా వచ్చింది. అది ఇల్లు కదా, బండి కాదు. "అన్నం పెట్టినా" అన్నాను.

హొళగుంద నుంచి ఒక కమ్మరి పెద్దాయనను పిలిపించాడు. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేవాడు. నన్ను "తాయీ" అని, అమ్మా అన్నట్టు, పిలిచేవాడు. మా వాకిట్లోనే కొలిమి పెట్టాడు. నాలుగు వారాలు పని సాగింది. స్టీరింగు కడ్డీ, దాని కింద పళ్ళచక్రాల డబ్బా, అక్కడి నుంచి ముందరి చక్రానికి పోయే ఇనపకర్ర, అన్నీ ఊడదీశారు. తొక్కుడు పలకలు మూడూ కుడిపక్కకు తెచ్చారు. ఎడమపక్క నేలరేకుకు పడిన బొక్కను కిరసనాయిలు డబ్బా రేకుతో మూశారు. నేను కొలిమి తిత్తి ఊదాను. సామాన్లు కడిగాను, తుడిచాను, అందించాను. నా సీటును నేనే ఊడబీకుతున్నానని ప్రతి పొద్దూ తెలుస్తూనే ఉంది. అందుకే కాబోలు ఆ నాలుగు వారాలూ వదిన దగ్గర కూడా సరిగా మూలగలేదు.

పని అయిందన్న రోజు మగ్గాల వీధి వాళ్ళంతా వచ్చి గోడ చుట్టూ చేరారు. కమ్మరి పెద్దాయన కొబ్బరికాయ కొట్టాడు. మా ఆయన నా సీట్లో, నేను కుట్టిన గలీబు మీద, కూర్చున్నాడు. బండి కదిలించి, గేటు కుడిపక్క ఉంది కాబట్టి స్టీరింగు కుడికి తిప్పాడు. బండి ఎడమకు పోయింది. ఆయన ఇంకా కుడికి తిప్పాడు. బండి ఇంకా ఎడమకు పోయి, నీళ్ళ తొట్టిని గుద్ది, తొట్టి రెండు చెక్కలై, నీళ్ళన్నీ వాకిలంతా పారి కొలిమిలోకి పోయాయి.

గోడ మీద నవ్వు మొదలైంది. "పట్టాళం బండికి తిక్క రేగిందప్పా" అన్నాడొకడు. "కుడి అంటే ఎడమకు పోతాది, పెండ్లాం మాదిరి" అన్నాడింకొకడు. కమ్మరి పెద్దాయన తడిసిన బొగ్గుల పక్కన తలపట్టుకుని కూర్చున్నాడు. "ఇది యేనప్పా ఇది, యేనిది" అని, ఇదేంటి ఇదేంటని, అదే మాట అంటున్నాడు. మా ఆయన బండి దిగి, చక్రం దగ్గర వంగి చూశాడు. ఎడమపక్క ఉన్నప్పుడు ఇనపకర్ర ముందుకు తోస్తే చక్రం ఒక పక్కకు తిరిగేది. అదే కర్ర కుడి చక్రానికి తగిలించి తోస్తే రెండో పక్కకు తిరుగుతోంది. తోసే చోట లాగాలి, లాగే చోట తోయాలి. అదెట్లా అన్నది ఇద్దరికీ అందలేదు.

నాకు అందింది. తొట్టి పగిలిన చప్పుడు ఆగకముందే అందింది.

మగ్గం గుంటలో కూర్చుని ఒక పలక తొక్కితే పడుగు పోగులను పట్టుకున్న ఒక అచ్చు కిందికి దిగుతుంది, రెండోది పైకి లేస్తుంది. ఎందుకంటే రెండూ పైన ఒక అడ్డకర్రకు వేలాడుతుంటాయి, ఆ కర్ర నడుమ ఇరుసు మీద ఆడుతుంటుంది. ఒక కొన కిందికి లాగితే రెండో కొన పైకి పోతుంది. మా వీధిలో అయిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. అలాంటి కర్ర ఒకటి ఇనుముతో చేసి, నడుమ ఇరుసు వేసి, స్టీరింగు కర్రను ఒక కొనకూ చక్రం కర్రను రెండో కొనకూ తగిలిస్తే సరి. తోస్తే లాగుతుంది, లాగితే తోస్తుంది.

నేను నోరు మూసుకున్నాను.

రెండు రోజులు ఆ ఇద్దరూ డబ్బాను పైకీ కిందికీ తిప్పి బిగించారు. మూడోరోజు సాయంత్రం మా ఆయన పానా కింద పెట్టి, "వద్దులే పెద్దాయనా, మళ్ళా ఎడమకే పెడదాం. రేపు ఇప్పుదాం" అన్నాడు. నేను వంటింట్లో రొట్టె తడుతున్నాను. నా గుండెలో ఎంత సంతోషం పుట్టిందంటే, రొట్టె మీద నా చేతులు వాటంతట అవే దరువు వేశాయి. మళ్ళీ రోడ్డు. మళ్ళీ "ఉండు", "పో". ఇంకో నాలుగు వారాలు ఓపిక పడితే చాలు. నేను చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండటమే.

అన్నానికి పిలిస్తే ఆయన రాలేదు. వెళ్ళి చూస్తే బండి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. గోడ అవతల రోడ్డు మీద పోయే వాళ్ళెవరో "యాడికన్నా ఈసారి, ఎడమకా కుడికా?" అని అరిచి నవ్వుకుంటూ పోయారు. ఆయన తల ఎత్తలేదు. అరచేతుల్ని చూసుకుంటున్నాడు. మసి పట్టి బొబ్బలెక్కిన ఆ చేతుల్ని, ఏ పనీ రాని చేతులైనట్టు చూసుకుంటున్నాడు. మగ్గం మీద చేయి కుదరక పట్టాళానికి పోయినాడని చిన్నప్పుడు వీధిలో అనేవాళ్ళు. ఆ మాట ఆయన మరిచిపోలేదని అప్పుడు నాకు తెలిసింది.

జాలి వేసింది. నిజమే. కానీ ఉన్నదున్నట్టు చెప్పాలంటే జాలి ఒక్కటే కాదు. ఇద్దరు మగవాళ్ళు మూడు రోజులుగా వెతుకుతున్నది నా కళ్ళ ముందర ఉంటే చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు. నా నోరు అట్లాంటిది.

"మగ్గం మరిసిపోయినావా?" అన్నాను.

ఆయన తలెత్తాడు.

"అడ్డకర్ర. నడుమ ఇరుసు. ఒక పక్క దిగితే ఒక పక్క లేస్తాది గదా. అట్లాంటిది ఇనపది పెట్టు" అన్నాను. ఇంట్లో నిలబడి ఆయనను "పెట్టు" అన్నది అదే మొదలు.

 ఆయన ఒక వేలి మీద ఇంకో వేలు అడ్డంగా పెట్టి, అటొక్కసారి ఇటొక్కసారి ఆడించి చూశాడు. నవ్వాడు. తర్వాత నన్ను చూశాడు. రోడ్డును కాదు, నన్ను, నేరుగా, కళ్ళలోకి. చాలాసేపు చూశాడు. ఆ ఒక్క చూపుకు నా సీటు ఇచ్చేశాను. ఇప్పుడు తలుచుకున్నా ఆ బేరం మంచిదో కాదో చెప్పలేను.

పెద్దాయన రెండు రోజుల్లో అడ్డకర్ర కొట్టి ఇచ్చాడు. "తాయీ, నీ బుద్ధి దొడ్డది" అని నాకు దండం పెట్టాడు. బండి కుడి అంటే కుడికి, ఎడమ అంటే ఎడమకు తిరిగింది. వెనక చెక్క మీద ఇంగ్లీషులో ఎర్రగా రాసి ఉన్న ఎడమచేతి బండి అన్న హెచ్చరికను మా ఆయన నల్లరంగుతో చెరిపాడు. ఎండ పడితే అక్షరాలు ఆ రంగు కింది నుంచి కనిపించేవి. ఆదోనిలో ఎవరడిగినా "మా ఇంటామె సెప్పిన ఉపాయం" అని చెప్పేవాడట. నా పేరు అట్లా పద్దెనిమిది మైళ్ళు పోయింది. నేను పోలేదు.

మొదటి ప్రయాణం నాటి పొద్దున నేను అలవాటుగా రొట్టెలు ఇద్దరికీ మూటగట్టి, చీర మార్చుకుని బయటికి వచ్చాను. ఆయన బండి తుడుస్తూ నన్ను చూసి, పండగనాడు కొత్తబట్టలు చేతిలో పెట్టేవాడి మాదిరి ముఖం పెట్టాడు.

"నువ్వెందుకు? ఇంక నీకు ఆ తిప్పలు లేవు" అన్నాడు. "దుమ్ము లేదు, నడుం నొప్పి లేదు. నాలుగేండ్లు శానా కష్టపడినావు. రోజూ నీ మూలుగు వింటానే ఉంటి గదా. నీకోసమే ఇదంతా సేసింది."

నేను రొట్టెల మూట ఆయనకు ఇచ్చాను. ఇద్దరి రొట్టెలు. ఎడమపక్క సీట్లో పెట్టుకుని పోయాడు. గేటు వేసి వచ్చి, కట్టుకున్న చీర మళ్ళీ మార్చుకున్నాను. తర్వాత వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆయన మీదా? నా మూలుగులను నాలుగేళ్ళు ఒక్కటి కూడా పోనివ్వకుండా విన్నాడు పాపం. విన్నట్టు కనిపించని మనిషి, విన్నాడు. నేను చెప్పిన అబద్ధాలన్నీ విన్నాడు.

ఆ తర్వాత రోజులన్నీ అంతే: పొద్దున వాకిట్లో బండి నిలబడి ఉన్నచోట నూనె మరక, దాని చుట్టూ నేను కల్లాపి చల్లడం. మధ్యాహ్నం దాకా ఇల్లు ఊడ్చిందే ఊడ్వడం. సాయంత్రం చేల మీదుగా ఇంజను చప్పుడు వినపడితే, నడుస్తున్నది మూడో గేరో రెండో గేరో చెప్పగలిగేదాన్ని. చెప్పడానికి మనిషి లేడు. బావి దగ్గర వదిన "అదృష్టవంతురాలివి, గట్టెక్కినావు" అంది. అవునన్నాను.

ఒకసారి ఉపాయం పన్నాను. ఆదోనిలో నేను చూసి కొనాల్సినవి ఉన్నాయని చెప్పాను. పన్నెండో నంబరు సూదులు, ఎర్రదారం, ఒక రకం ఇనప బాణలి, దాని లోతు ఇంత ఉండాలి అని. ఆడమనిషి వచ్చి చూస్తే గానీ కుదరని వస్తువులు వెతికి వెతికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. సాయంత్రం అన్నీ తెచ్చాడు. సూదులు ఆ నంబరువే. దారం ఆ ఎరుపే. బాణలి లోతు జానతో కొలిచి తెచ్చాడట, అంగడివాడు నవ్వినా పట్టించుకోకుండా. ఒక్కటీ మరిచిపోలేదు. ఆ రాత్రి కూర ఆ బాణలిలోనే చేశాను.

అమావాస్యల నాడు ఆయన నిద్రపోయే మధ్యాహ్నం వేళ, నేను బండెక్కి ఎడమపక్క సీట్లో కూర్చునేదాన్ని. కాళ్ళ కింద ఆ కిరసనాయిలు డబ్బా రేకు. అక్కడి నుంచి ఏమీ కనిపించేది కాదు, గోడ తప్ప.

మళ్ళీ పత్తి కాలం వచ్చింది. ఒక సాయంత్రం ఆయన బండి దిగి, కాళ్ళు చేతులు కడుక్కోవడానికి వాకిట్లో వంగాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను.

"ఈ పొద్దొక తమాసా అయింది మే" అన్నాడు.

ఆయన తనంతట తాను మాట మొదలుపెట్టడమే తమాషా. చెంబు అట్లాగే పట్టుకున్నాను.

"వంక దాటినంక బోరాల బండ్లు వరసగా పోతాండాయి. నాకు దావంతా కనిపిస్తానే ఉంది. అయినా అడిగినా, ఏమన్నా వస్తాందా అని." నవ్వాడు. "పక్కకు తిరిగి సూస్తే నూలు మూట."

నేను నీళ్ళు పోశాను. ఆయన చేతులు రుద్దుకుంటున్నాడు, కళ్ళు మాత్రం తెరిచి ఉన్న గేటు మీదుగా రోడ్డు మీద ఉన్నాయి.

"ఒక్కోసారి ఎట్లనో ఉంటాది మే, బండిలో" అన్నాడు.

అంతకంటే ఆ మనిషి ఇంకేం చెప్పగలడు? దారి ఖాళీగా ఉంది. ఎదురుగా ఏమీ రావడం లేదు. నేను "నాకూ అంతే" అంటే చాలు. "రేపు నేనొస్తా" అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ గోడ అవతల గడపలో వదిన బియ్యం చెరుగుతూ కూర్చుని ఉంది, చాట చప్పుడు ఆగింది, నా చెయ్యి దానంతట అదే నడుం మీదికి పోయింది.

"నాకైతే పాణం సుకంగా ఉందండి" అన్నాను. "ఆ దుమ్మూ, ఆ కుదుపులూ తప్పినాయి."

ఆయన తలాడించాడు. "అంతే సాలు. నాకు కావాల్సింది అదే" అన్నాడు. తుండుతో చేతులు తుడుచుకుని, బానెట్టు ఎత్తి లోపలికి వంగాడు.

ఆ బండి మా ఇంట్లో ఇంకా ఆరేళ్ళు ఉంది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.